రంది అన్న మాట ఎక్కడ పోయింది?

రాష్ట్రం విడిపోకముందు సంగతి. వరంగల్ వైపు ఒక పల్లెలో, రేకుల ఇంటి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఒకామెతో మాట్లాడుతున్నాను. పత్తి రైతు భార్య. భర్త ఆత్మహత్య చేసుకుని అప్పటికి ఏడాది దాటింది. మమ్మల్ని ఆ ఇంటికి తీసుకొచ్చిన ఆశా కార్యకర్త గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆ రైతు భార్య అత్త అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా విద్యార్థి ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి మంచం మీద పెట్టాడు. "ఆయన అప్పుడు ఎలా ఉండేవాడమ్మా?" అని అడిగాను. ఆమె తడుముకోలేదు.

"అప్పు రంది పెట్టుకున్నడు మేడం. కూసున్నా అదే, పన్నా అదే. గా రంది గిప్పుడు నా మీద వడ్డది."

హైదరాబాద్ వచ్చాక మా విద్యార్థి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తెలుగు వింటూ నేరుగా ఇంగ్లీషులో టైపు చేశాడు. మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ అలాగే చేసేవారు. తెలుగులో ఒకసారి రాసి, ఆ తర్వాత అనువదించడమంటే రెండింతల పని. ఎవరికీ అంత తీరిక లేదని మేమే నిర్ణయించేశాం. ఆమె అన్న మూడు వాక్యాలు అతని చేతిలో ఒక వాక్యమయ్యాయి: తన భర్త డిప్రెషన్‌తో ఉండేవాడని, ఇప్పుడు తానూ డిప్రెషన్‌లో ఉన్నానని ఆమె చెప్పినట్టు. నేను ఆ వాక్యంలో వ్యాకరణం దిద్దాను. మిగతాది సరిగ్గానే ఉందనుకున్నాను. అది ఒక జర్నల్‌లో అచ్చయింది, నా పేరు కూడా దాని మీద ఉంది.

మాది కోస్తా. నాకు దిగులు తెలుసు, బెంగ తెలుసు. రంది నా ఇంటి మాట కాదు. తెలంగాణలో రంది ఊరికే రాదు. దేని రంది అని అడిగితే జవాబుంటుంది. అప్పు రంది, పిల్ల పెండ్లి రంది, కొడుకు కొలువు రంది. అది ఒకరి నుంచి ఇంకొకరి మీద పడుతుంది కూడా. ఆమె చెప్పింది అదే. భర్త అప్పు, దాంతో పాటు అతని రాత్రులు తనకు వచ్చాయని. డిప్రెషన్ అన్న మాటకు అప్పు అక్కర్లేదు. ఆ ఒక్క అనువాదంతో వడ్డీ వ్యాపారి కథలోంచి వెళ్లిపోయాడు, ఆమె మెదడు మాత్రం మిగిలింది. మా పేపర్ చివర మేం చేసిన సిఫార్సు ఏమిటంటే, ఇలాంటి కుటుంబాలకు కౌన్సెలింగ్ కావాలని. కౌన్సెలింగ్ అక్కర్లేదని నేననడం లేదు. ఆమె చెప్పినదాంట్లోంచి ఆ సిఫార్సు రాలేదంటున్నాను. మేం మార్చిన మాటలోంచి వచ్చింది.

ఇది నా ఒక్కదాని తప్పయితే ఇలా రాయాల్సిన పని లేదు. తెలుగు విశ్వవిద్యాలయాల్లో మనుషుల మాటల మీద ఆధారపడి సైకాలజీ పరిశోధనలు చేసిన, చేయించిన మా తరం వాళ్లలో ఎక్కువమంది ఇదే చేశాం. బుగులును యాంగ్జైటీ చేశాం. మనాదిని డిప్రెషన్ చేశాం. రందిని కూడా డిప్రెషనే చేశాం. రెండు మాటలకు ఒకే అనువాదం ఇచ్చేశాక, ఆ ఊరివాళ్లు ఆ రెండింటి మధ్య చూసే తేడా ఏమిటో ఇక మా డేటాలో ఎంత వెతికినా దొరకదు. విదేశాల నుంచి వచ్చిన ప్రశ్నావళులు మన జనానికి సరిపోవని, మనుషుల మాటలనే వినాలని అంకెల పరిశోధన చేసేవాళ్లతో వాదించి మరీ ఈ దారికి వచ్చాం. తీరా వచ్చాక ఆ మాటలనే ముందు పోగొట్టుకున్నాం.

విశ్వసనీయత గురించి మాకేమీ తెలియదనడానికి వీల్లేదు. క్లాసులో చెప్పాం. యవొన్నా లింకన్, ఎగాన్ గూబా 1985లో రాసిన నాచురలిస్టిక్ ఎంక్వయిరీ పేరు మా విద్యార్థులందరికీ తెలుసు. అంకెల పరిశోధనకు ఉన్న కొలతలు ఇక్కడ పనికిరావు కాబట్టి వాళ్లు నాలుగు విషయాలు చూడమన్నారు. చెప్పింది నమ్మేలా ఉందా, ఇంకో చోటికి అన్వయించుకోవడానికి వీలుందా, చేసిన పని తీరు నిలకడగా ఉందా, ఈ ఫలితం డేటాలోంచి వచ్చిందా లేక పరిశోధకుడి ఇష్టంలోంచి వచ్చిందా తేల్చుకోగలమా. ఈ నాలుగూ ప్రశ్నలు. మేం వాటిని ఒక పేజీ చేశాం. థీసిస్‌లో మూడో చాప్టర్ చివర, విశ్వసనీయత అన్న ఉపశీర్షిక కింద, ఆ నాలుగు పేర్లు, ఒక్కోదానికి ఒక నిర్వచనం, ఆపైన "ఈ అధ్యయనంలో వీటిని పాటించడమైనది" అని ఒక ముక్క. నా దగ్గర పీహెచ్‌డీ చేసిన ముగ్గురి థీసిస్‌లు పక్కపక్కన పెట్టి ఈమధ్య చూశాను. ఒకటి అనాథ పిల్లల మీద, ఒకటి ఐటీ ఉద్యోగుల మీద, ఒకటి ముసలివాళ్ల మీద. ఆ పేజీ మూడింటిలోనూ ఒకటే. కామాలు కూడా కదల్లేదు. మూడింటి మీదా గైడ్‌గా నా సంతకముంది.

విశ్వసనీయతను నిర్వచించిన పేజీ ఉంది కాబట్టి విశ్వసనీయత ఉందనుకున్నాం. పరీక్షకులుగా వెళ్లినప్పుడు కూడా ఆ పేజీ ఉందో లేదో చూశామే తప్ప, ఒక్క ఇంటర్వ్యూ రాతప్రతిని తెప్పించుకుని, ఫలానా థీమ్, అంటే మాటల్లోంచి తీశామన్న ముఖ్య భావం, అందులో ఎక్కడుందో చూపించమని అడగలేదు. నేను పాల్గొన్న వైవాల్లో ఒక్కసారి కూడా అడగలేదు. పొద్దున వెళ్లి, గంటసేపు ప్రశ్నలు వేసి, శాలువా కప్పించుకుని, భోజనం చేసి వచ్చాను. ఆ విద్యార్థులు ఇప్పుడు గైడ్లు.

శాచురేషన్ మాట చూడండి. కొత్త మనిషిని అడిగినా కొత్త సంగతి రావడం లేదు అనిపించే చోటు. 1967లో గ్లేసర్, స్ట్రాస్‌లు ఆ ఆలోచన తెచ్చినప్పుడు ఉద్దేశం వేరు: కడుతున్న సిద్ధాంతంలో ఒక భావం పూర్తిగా నిండిందా లేదా అని చూసుకుంటూ, ఆ అవసరాన్ని బట్టి తర్వాత ఎవరిని అడగాలో ఎంచుకుంటూ పోవాలి. తర్వాత 2006లో గ్రెగ్ గెస్ట్, మరో ఇద్దరు కలిసి ఒక పేపర్ రాశారు. ఘనా, నైజీరియాల్లో అరవై మంది మహిళలతో చేసిన ఇంటర్వ్యూలను తిరిగి చూస్తే, మొదటి పన్నెండింటిలోనే పరిశోధకులు సంగతులకు పెట్టే పేర్లు, అంటే దాదాపు అన్ని కోడ్‌లూ వచ్చేశాయన్నారు. ఒకే రకం మనుషులు, ఒకే ఇరుకైన విషయం అయినప్పటి సంగతి ఇది అని వాళ్లే చెప్పారు. మాకు ఆ షరతు అక్కర్లేకపోయింది, పన్నెండు అన్న అంకె కావాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరి సినాప్సిస్ చూసినా శాంపిల్ పన్నెండే. ఆ పల్లెలో మేం మాట్లాడినవాళ్లలో సొంత భూమి ఉన్నవాళ్లున్నారు, కౌలుకు చేసినవాళ్లున్నారు, బోర్లు వేసి మునిగినవాళ్లున్నారు, ట్రాక్టర్ ఫైనాన్స్ కట్టలేనివాళ్లున్నారు. వీళ్లంతా ఒకే రకం మనుషులని ఏ ధైర్యంతో అనుకున్నాం? పేపర్‌లో శాచురేషన్ వచ్చాక ఆపామని రాశాం. నిజానికి మాకు ఇచ్చిన బండి గడువు శనివారంతో అయిపోయింది. అందుకే ఆపాం.

మరో మాట, థీమ్స్ ఉద్భవించాయని. తవ్వితే బయటపడినట్టు. వర్జీనియా బ్రాన్, విక్టోరియా క్లార్క్ 2006లో రాసిన థీమాటిక్ అనాలిసిస్ పేపర్‌ను ఉటంకించని సైకాలజీ థీసిస్ మన దగ్గర దొరకడం కష్టం. థీమ్స్ వాటంతటవి రావు, పరిశోధకులు తమ ప్రశ్నతో, తమ నేపథ్యంతో వాటిని తయారు చేస్తారని ఆ పేపర్‌లోనే ఉంది. మేం దాన్ని ఉటంకిస్తూనే, ఆ పక్క వాక్యంలోనే థీమ్స్ ఉద్భవించాయని రాశాం. చదవకుండా ఉటంకించామని దీనికి అర్థం. ఇంత గట్టి మాట నా మీద నేను చెప్పుకోకపోతే ఇంకెవరూ చెప్పరు.

కోడింగ్ ఇద్దరు చేశారని, వాళ్ల మధ్య ఇంత ఏకీభావం ఉందని ఒక అంకె కూడా ఇచ్చేవాళ్లం. అంకెల వాళ్లు నోరెత్తకుండా ఉంటారని. ఆ ఇద్దరూ నా విద్యార్థులే. ఒకే హాస్టల్, ఒకే బ్యాచ్, నా క్లాసులో విన్న నోట్సే ఇద్దరికీ. రంది అంటే డిప్రెషన్ అని ఇద్దరూ రాశారు. వాళ్లిద్దరూ ఏకీభవించారంటే నేను వాళ్లకు ఒకేలా నేర్పానని తేలుతుంది, అంతే.

మేం రాసింది ఆ రైతు భార్యకు తిరిగి చూపించామా అంటే, చూపించాం అని పేపర్‌లో ఉంది. జరిగింది చెబుతాను. మా విద్యార్థి ఫోన్ చేసి, "మీరు చెప్పింది ఇదేగా అమ్మా, మీకు మనసు బాగుండటం లేదని?" అన్నాడు. ఆమె "అంతే సార్" అంది. మన ఊళ్లలో పెద్ద చదువు చదివినవాడు ఫోన్ చేసి అంతేనా అంటే అంతే అంటారు. అది మర్యాద. దాన్ని మేం ధ్రువీకరణగా లెక్కేశాం. మేం రాసింది ఇంగ్లీషులో ఉంది, ఆమె అప్పుడూ చదవలేదు, ఇప్పుడూ చదవలేదు.

ఇక వీటికంటే బరువైన సంగతి ఆ వాకిలి. 2007లో వచ్చిన కోరెక్ అనే పట్టికలో 32 ప్రశ్నలుంటాయి, గుణాత్మక పరిశోధన రాసేవాళ్లు జవాబివ్వాల్సినవి. ఇంటర్వ్యూ జరిగేటప్పుడు పరిశోధకులు, మాట్లాడే మనిషి కాక ఇంకెవరైనా అక్కడున్నారా అని అందులో ఒక ప్రశ్న స్పష్టంగా ఉంది. జర్నల్ వాళ్లు ఆ పట్టిక నింపి పంపమన్నారు. ఎవరూ లేరని రాశాం. ఏకాంతంగా ఇంటర్వ్యూ చేశామని కూడా పేపర్‌లో ఉంది. అరుగు మీద అత్త ఉంది. గుమ్మంలో ఆశా కార్యకర్త ఉంది. వాళ్లు మాకు మనుషుల్లా కాక వాకిట్లో వస్తువుల్లా కనిపించారేమో, లేక ఉన్నారని రాస్తే పేపర్ వెనక్కి వస్తుందని భయపడ్డామో. రెండోదే నిజమని నా మనసుకు తెలుసు. భర్త పోయాక పుట్టింటికి ఎందుకు వెళ్లలేదని అడిగినప్పుడు ఆమె ఒక్క క్షణం అరుగు వైపు చూసి, "పిల్లలున్నరు గద మేడం" అంది. ఆ చూపు రికార్డింగ్‌లో లేదు. నోట్‌బుక్‌లో రాసుకోవాల్సింది నేను. రాసుకోలేదు.

అంతకంటే పెద్ద నీడ ఇంకొకటి ఉంది. 2004లో వచ్చిన జీవో 421 కింద, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల ఎక్స్‌గ్రేషియా, అప్పుల సెటిల్‌మెంట్‌కు మరో యాభై వేలు వచ్చేవి. అది రావాలంటే పోయిన మనిషి రైతేనని, వ్యవసాయం అప్పుల వల్లే పోయాడని తేలాల్సి వచ్చేది. మండల స్థాయిలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారించేవాళ్లు. పైన డివిజన్ స్థాయిలో ఇంకో కమిటీ. కాగితాలు చూసేవాళ్లు. కౌలు చేసినవాడి పేరు మీద పాసుబుక్కు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రైవేటు అప్పుకు రుజువు ఎక్కడుంటుంది? అంటే మేం వెళ్లేసరికి ఆ ఇంటివాళ్లు ఆ కథను ఎన్నోసార్లు, నమ్మించి తీరాల్సిన మనుషుల ముందు చెప్పి ఉన్నారు. కాగితాలు పట్టుకుని, ఇస్త్రీ బట్టలతో జీపు దిగిన మమ్మల్ని ఆమె ఎవరనుకుంది? మేం యూనివర్సిటీ నుంచి వచ్చామని చెప్పాం, డబ్బుకూ మాకూ సంబంధం లేదని చెప్పాం. ఇంటర్వ్యూ అయ్యాక ఆమె లోపలికెళ్లి ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసుకొచ్చి మా ముందు పెట్టింది. అప్పు పత్రాలు, ఆధార్, భర్త ఫోటో. చూసి ఇచ్చేశాం. ఆ కవరు సంగతి పేపర్‌లో లేదు.

ఇంతవరకు రంది అన్న మాట కోసం బాధపడుతున్నాను కదా. ఆ మాట ముందు అప్పు అని చేర్చడంలో ఆ కమిటీల ముందు చెప్పి చెప్పి అలవాటైన తీరు ఎంత ఉందో కూడా నేను ఆలోచించాలి. అలాగని ఆమె అబద్ధం చెప్పిందని కాదు, ఎంతమాత్రం కాదు. మనిషి ఎవరితో ఏ అవసరంలో మాట్లాడుతున్నాడన్నదాన్ని బట్టి నిజంలో ఒక ముఖం ముందుకొస్తుంది. ఆ కవరు సంగతి రాసి ఉంటే చదివినవాళ్లు ఆ మాటను ఎంతవరకు తీసుకోవాలో వాళ్లే తేల్చుకునేవాళ్లు. మేం ఆ అవకాశం కూడా వాళ్లకివ్వలేదు. పరిశోధన నమ్మదగినదా కాదా అన్నది ఇలాంటిచోట తేలుతుంది, ఆ నిర్వచనాల పేజీలో కాదు.

పాతకాలం పెద్దవాళ్లు మాకంటే మంచివాళ్లేం కాదు. బ్రాయర్, ఫ్రాయిడ్‌లు 1895లో అచ్చేసిన పుస్తకంలో అన్నా ఓ అనే అమ్మాయి మాటలతోనే బాగుపడిందని ఉంది. మాటల వైద్యం అన్న పేరు పెట్టింది కూడా ఆమే. 1972లో హెన్రీ ఎలెన్‌బెర్గర్ పాత రికార్డులు తవ్వితే, ఆ వైద్యం ముగిశాక కూడా ఆమె స్విట్జర్లాండ్‌లోని బెల్వ్యూ శానటోరియంలో చేరిందని, బాగవలేదని తేలింది. స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం 1971లో జరిగింది. అందులో గార్డుల పాత్ర వేసినవాళ్లు తమంతట తామే క్రూరులయ్యారని దశాబ్దాల పాటు పాఠం చెప్పాం, నేనూ చెప్పాను. ఫ్రెంచి పరిశోధకుడు తిబో ల తెక్సియే ఆ ప్రయోగం టేపులు, కాగితాలు పరిశీలించి, గార్డులకు ఎలా ఉండాలో ముందే సూచనలిచ్చారని 2018లో చూపించాడు. ఈ రెండు కథలూ క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు వాళ్ల తప్పులే కనిపించేవి. ఈమధ్యే ఇంకొకటి కనిపించింది. వాళ్ల రికార్డులు మిగిలాయి. డెబ్బై ఏడేళ్లకో, నలభై ఏడేళ్లకో ఎవరో వచ్చి సరిచూడగలిగారు. మా ఇంటర్వ్యూలు మా విద్యార్థి పాత ఫోన్‌లో ఉండేవి. ఆ ఫోన్ పోయింది. ఇంగ్లీషు టైపు ప్రతి తప్ప ఏమీ మిగల్లేదు. మేం తప్పు చేశామని రుజువు చేయాలన్నా ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఇలాంటి పరిశోధనలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే భయమేస్తుంది.

ఇక, ఒక ఊళ్లో పన్నెండుమంది చెప్పింది మిగతా లోకానికి ఏ మేరకు పనికొస్తుంది అన్న ప్రశ్న. దీన్ని మేం రెండు రకాలుగా తప్పించుకున్నాం, రెండూ ఒకే చాప్టర్‌లో. పరిమితులు అన్న భాగంలో "ఈ ఫలితాలను సాధారణీకరించలేం" అని రాశాం. ఒక పేజీ తిప్పితే సిఫార్సుల్లో "ప్రభుత్వం రాష్ట్రమంతటా కౌన్సెలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేయాలి" అని రాశాం. సాధారణీకరించలేనిదాన్ని రాష్ట్రమంతటికీ ఎలా చెప్పామని ఏ పరీక్షకుడూ అడగలేదు. మొదటి వాక్యం వినయంలా కనిపిస్తుంది. నిజానికి అది బాధ్యత వదిలేసుకోవడమే. ఎక్కడికి పనికొస్తుందో, ఎక్కడికి పనికిరాదో చెప్పే కష్టం పడకుండా ఉండటానికి.

అన్వయం గురించి లింకన్, గూబాలు చెప్పింది తేలికైన సంగతే. ఇంకో చోట వాడుకోవాలా వద్దా అన్నది ఆ చోటు తెలిసినవాళ్లు తేల్చుకుంటారు. అందుకు కావాల్సిన వివరం ఇవ్వడం పరిశోధకుల బాధ్యత. ఆ వివరం మేం ఇచ్చామా? మా పేపర్‌లో ఆ ఊరి గురించి ఉన్నది రెండు వాక్యాలు: జనాభా, జిల్లా కేంద్రం నుంచి దూరం. వరంగల్ జిల్లాలో 1997-98లో పురుగు తగిలి పత్తి దెబ్బతిన్నప్పుడు ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో, ఆ జ్ఞాపకం ఆ ఊళ్లలో ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. నేల ఏమిటి, నీళ్లు ఎక్కడివి, విత్తనాలు మందులు అరువిచ్చే దుకాణదారే పంట కొంటాడా, కౌలు ఎంత, బ్యాంకు దగ్గరికి వెళ్లగలరా, ఏవీ లేవు. ఇవి వ్యవసాయ శాస్త్రం సంగతులని, మాది సైకాలజీ అని అనుకున్నాం. ఆమె రంది వాటిలోనే ఉంది కదా.

ఆ వివరం ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించి చూడండి. విదర్భలో, యవత్మాల్ దగ్గర పనిచేసే ఒక కార్యకర్త మా పేపర్ చదివితే, అక్కడా వర్షం మీద ఆధారపడిన పత్తే, అక్కడా ప్రైవేటు అప్పే కాబట్టి, తన ఊరిని అందులో గుర్తుపట్టి ఉండేవాడు. అదే గోదావరి డెల్టాలో కాలువ కింద వరి వేసే కౌలు రైతు కుటుంబంతో పనిచేసేవాళ్లు, భాష మనదే అయినా, ఇది తమకు నేరుగా వర్తించదని, కౌలు సంగతి వరకు వర్తించవచ్చని తేల్చుకునేవాళ్లు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది కదా, ఆ కార్డు చేతిలో ఉన్న ఇంట్లో రంది వేరేలా ఉందా అని ఎవరైనా అడిగి ఉండేవాళ్లు. అనంతపురం వేరుశనగ రైతు సంగతి ఇంకోటి. భాష ఒకటైనంత మాత్రాన, రాష్ట్రం ఒకటైనంత మాత్రాన ఫలితం ఒకటి కాదు. పరిస్థితులు కలిసే చోటికి అది వెళుతుంది, రాష్ట్రం సరిహద్దు దాటి కూడా వెళుతుంది. ఎటు వెళ్లగలదో మేం దారి చూపించాల్సింది. అంకెలు లేవు కాబట్టి మా పరిశోధన ఎక్కడికీ వెళ్లదని మేమే ఒప్పేసుకున్నాం.

ఈ పరిశోధనలను ఎవరూ చదవరులే అన్న ధీమా కూడా మాకుండేది. అది తప్పు. ప్రసూతి సేవల్లో ఏ పని ఏ ఆరోగ్య కార్యకర్తకు అప్పగించవచ్చన్న దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో మార్గదర్శకాలు తెచ్చినప్పుడు గుణాత్మక పరిశోధనలను కలిపి చూసింది. అలా కలిపేటప్పుడు ఒక్కో ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తూచడానికి సెర్క్వాల్ అనే పద్ధతి వచ్చింది. పరిశోధన చేసిన తీరులో లోపాలేమిటి, ఫలితం డేటాకు అతుకుతుందా, డేటా సరిపడా ఉందా, మనం అడుగుతున్న ప్రశ్నకు, మన మనుషులకు ఇది వర్తిస్తుందా అని చూస్తారు. ఒకరోజు సాయంత్రం కూర్చుని మా పేపర్‌ను ఆ నాలుగింటి ముందూ పెట్టాను. మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. మిగతా మూడింటికి జవాబు చెప్పడానికి పేపర్‌లో సమాచారమే లేదు.

2016లో ట్రిషా గ్రీన్‌హాల్ తదితరులు, 11 దేశాల నుంచి 76 మంది సీనియర్ ఆచార్యులు, బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకులకు బహిరంగ లేఖ రాశారు. గుణాత్మక పరిశోధనలను తక్కువ ప్రాధాన్యమని తిప్పి పంపడం సరికాదని. న్యాయమైన లేఖ. మేం దాన్ని పండగలా అందరికీ పంపుకున్నాం. మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారన్న బాధ నిజమే. మా పని ఆ గౌరవానికి తగినట్టు ఉందా అని మాత్రం ఆ రోజు ఒకరినొకరం అడగలేదు. పేపర్లు అచ్చేయాలన్న ఒత్తిడి ఉండేదంటారు, ఉండేది. 2009 నుంచి యూజీసీ నియమం ప్రకారం థీసిస్ ఇచ్చే ముందే ఒక పేపర్ అచ్చు కావాలి, పిల్లలు ఏడ్చేవాళ్లు. 2022లో ఆ నియమం పోయింది. మా పద్ధతి మారలేదు.

ఇప్పుడు ఏం చేయమంటారని ఒక పాత విద్యార్థి అడిగాడు, తానూ ఇప్పుడు గైడే. నా దగ్గర పెద్ద సలహాలేం లేవు. ఈ ఏడాది నా దగ్గరున్న ఇద్దరు పిల్లలతో మూడు పనులు మొదలుపెట్టాను. ప్రతి ఇంటర్వ్యూ ముందు తెలుగులో, ఆ మనిషి మాట్లాడిన యాసలోనే రాయిస్తున్నాను. అచ్చులో కూడా కీలకమైన మాట తెలుగులోనే ఉంచి, దాని చుట్టూ వివరం రాయమంటున్నాను. వాకిట్లో ఎవరున్నారో, ఎవరు ఎవరివైపు చూశారో, మమ్మల్ని ఎవరనుకున్నారో అదే రోజు రాత్రి నోట్‌బుక్‌లో రాయిస్తున్నాను. మూడోది పిల్లలకు నచ్చడం లేదు: తాము చెప్పదలచుకున్నదానికి ఎదురు తిరిగిన ఇంటర్వ్యూ ఏదో వెతికి, దాన్ని థీసిస్‌లో పూర్తిగా పెట్టమనడం. ఒకమ్మాయి, "అది పెడితే నా థీమ్ నిలబడదు మేడం" అంది. నిలబడకపోతే వైవాలో నేనే పక్కన ఉంటానని చెప్పాను.

ఆ పేపర్‌కు సవరణ వేయమని జర్నల్‌కు ఉత్తరం రాశాను. ఏకాంతంగా ఇంటర్వ్యూ చేశామన్నది నిజం కాదని, డిప్రెషన్ అన్నచోట ఆమె రంది అందని, మూల రికార్డింగ్ మా దగ్గర లేదని. జవాబు ఇంకా రాలేదు.

తోటి గైడ్లకు, వైవాలకు వెళ్లే పరీక్షకులకు నా విన్నపం ఇదే. మీ బీరువాల్లో, పాత ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో తెలుగు రికార్డింగులు ఇంకా మిగిలి ఉంటే చెరిపేయకండి. మాట్లాడినవాళ్ల అనుమతికి భంగం రాకుండా, పేర్లు తీసేసి, వాటిని తెలుగులో రాయించండి. ఈసారి వైవాకు పిలిచినప్పుడు మూడో చాప్టర్‌లో ఆ పేజీ వదిలేసి, ఒక్క ఇంటర్వ్యూ తెలుగు ప్రతి తెచ్చిపెట్టమని అడగండి.